గోడకెక్కిన క్షయ క్రిమి

ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ గదిలో ఉద్యోగం దొరికిందని ఈమధ్య ఒక అమ్మాయి ఫోన్ చేసింది. మా జఫర్‌గఢ్ పిల్లే. "పెద్దనాయినా, ఆ గదిల రోజంతా ఏం పనుంటది? జర చెప్పవా" అంది. ఫోన్లో చెప్పగలిగినంత చెప్పాను. చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

నేను హైదరాబాద్‌లో ఒక పరిశోధన సంస్థలో ఆ యంత్రం దగ్గరే చేరి, ఆ యంత్రం దగ్గరే రిటైరయ్యాను. ఎప్పుడు ఏ ప్రమోషన్ వచ్చింది, ఎవరు అడ్డుపడ్డారు అన్న సంగతులు ఎవరికీ పనికిరావు. వదిలేస్తున్నాను.

గదిలో పని

మొదట తెలుసుకోవలసింది ఇది. ఆ యంత్రం బతికున్నదాన్ని చూడలేదు. మామూలు మైక్రోస్కోప్ వెలుగుతో చూస్తుంది. మాది ఎలక్ట్రాన్లతో చూస్తుంది కాబట్టి లోపల గాలి ఉండకూడదు, తడి ఉండకూడదు. క్రిమిని ముందు మందులో చంపుతాం. ఆల్కహాల్‌లో ముంచి ముంచి దానిలోని నీటిని కొద్దికొద్దిగా తీసేస్తాం. ఆరబెట్టి, దాని మీద పలచగా బంగారం పూత పూస్తాం. అప్పుడు యంత్రంలో పెట్టి, గాలినంతా బయటికి లాగేదాకా కూర్చుంటాం. కొత్తగా చేరేవాళ్ళు ఫోటోలు తీయడమే పని అనుకుంటారు. ఎదురుచూడటం పని. ఫోటో చివర్లో వచ్చేది.

రెండోది, అక్కడ రంగులుండవు. అంతా బూడిద రంగే. పత్రికల్లో మీరు చూసే ఎర్ర క్రిములు, పచ్చ క్రిములు కంప్యూటర్‌లో మనుషులు రంగు వేసినవే. అది మోసం కాదు కానీ, రంగు వేసింది మనమేనన్న సంగతి మాత్రం మరిచిపోకూడదు.

ఇవన్నీ నాకు నేర్పింది మా విభాగం పెద్ద, వెంకటరత్నం గారు. బాపట్ల ఆయన ఊరు. పొట్టి మనిషి, మాట పెద్దది. నేను చేరిన కొత్తలో చీము పుట్టించే క్రిమి ఫోటో ఒకటి చాలా బాగా వచ్చింది. గుండ్రంగా, గుత్తులు గుత్తులుగా ఉంది. ఆయన ముందు గర్వంగా పెట్టాను.

"ఏంటయ్యా ఇది? ద్రాక్షపళ్ళా?" అన్నారు.

"కాదు సార్, చీములో ఉండే క్రిమి."

"అది నువ్వు చెబితే తెలిసింది. ఫోటో చెప్పలేదు. గీత ఏది?"

ఫోటో అడుగున నల్లటి పట్టీ ఒకటి ఉంటుంది. అందులో చిన్న తెల్లగీత, దాని పక్కన కొలత. ఈ గీత పొడవు నిజంలో ఇంత అని దానర్థం. నేను అందం కోసం ఆ పట్టీ లేకుండా తీశాను. ఆయన ఆ కాగితాన్ని నా చేతిలో పెట్టి, "గీత లేకపోతే ఇది ఏనుగో ఎలకో ఎవడికి తెలుస్తుంది? పో, మళ్ళీ తీసుకురా" అన్నారు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. నా మాటల్లో "గట్ల", "గిట్ల" దొర్లితే చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. వాళ్ళలో చదువుకున్నవాళ్ళే ఎక్కువ. ఆయన నవ్వలేదు. "గట్ల అంటే 'అలా' అనేగా?" అని అడిగి తెలుసుకునేవారు.

తెలంగాణ ఉద్యమం ఊపందుకున్నాక మా ల్యాబ్‌లో అన్నం తినే బల్ల ఒకటి కాస్తా రెండైంది. ఎవరూ ఎవరినీ పొమ్మనలేదు. ఇటువాళ్ళం ఒకరొకరే లేచి కిటికీ పక్క బల్లకు మారిపోయాం. నేనూ మారాను. సార్ తన డబ్బా తెచ్చుకుని ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చునేవారు. యంత్రం ముందు మాత్రం మా ఇద్దరి మధ్య ఏ తేడా రాలేదు.

మానుకోట నుంచి వచ్చిన కోరిక

ఆ రోజుల్లోనే డాక్టర్ సునీత గారు మా దగ్గరికి వచ్చారు. మహబూబాబాద్‌ను మేం మానుకోట అంటాం. అక్కడ ఒక చిన్న ట్రస్టు దవాఖానలో ఆమె ఛాతీ వైద్యురాలు. కొత్తగా కట్టిన వరండా గోడలకు క్రిముల ఫోటోలు పెద్దవి, రంగులవి కావాలన్నారు. వేరే దేశాల దవాఖానల్లో అలా పెట్టడం చూశారట.

సార్ ఒప్పుకోలేదు. "ఇవి క్యాలెండర్ బొమ్మలు కావమ్మా" అన్నారు.

"నా పేషెంట్లు రోజూ డబ్బీల్లో ఉమ్మి తెచ్చి ఇస్తారు సార్. అందులో ఏముందో వాళ్ళకు ఎవరమైనా ఎప్పుడైనా చూపించామా? మనం చూస్తాం, పేరు రాస్తాం, గోలీలు ఇస్తాం. వాళ్ళనూ చూడనివ్వండి."

సార్ నా వైపు తిరిగి, "యాకయ్యా, మీ ప్రాంతమేగా. నువ్వే చెయ్యి" అన్నారు.

ఎంత సంతోషంగా చేశానో చెప్పలేను. క్షయ, టైఫాయిడ్, కలరా, న్యుమోనియా, చీము క్రిమి. మా దగ్గరున్న వాటిలో అన్నిటికంటే మంచి ఫోటోలు ఏరాను. రంగుల దగ్గర చిక్కొచ్చింది. ఆ రోజుల్లో రంగులన్నీ జెండాలవే. గులాబీ వేద్దామంటే "మన రంగు పురుగుకేస్తవా?" అని మా బల్ల వాళ్ళు కోప్పడ్డారు. పసుపు వేద్దామంటే అటు బల్ల వాళ్ళ మొహాలు మాడాయి. చివరికి క్షయ క్రిమికి ఎర్రమట్టి రంగు వేశాను. నీలం చీకటిలో ఎర్రటి కడ్డీలు ఒకదాని మీద ఒకటి పడుకున్నట్టు వచ్చింది. నిజంగా అందంగా ఉంది. సార్ కూడా కాదనలేదు. అన్నిటి అడుగునా నల్లపట్టీ, గీత ఉన్నాయో లేదో స్వయంగా చూసుకున్నారు.

ఫ్రేములు కట్టే పని జనగామలో నా చిన్ననాటి దోస్తు ఖాజాకు ఇచ్చాను. దేవుళ్ళ పటాలకు ఫ్రేములు కట్టడంలో అతను చెయ్యి తిరిగినవాడు. తయారైనవి అతనే రైలెక్కించి మానుకోట పంపాడు. మేము నేరుగా వరండా ప్రారంభం నాడే వెళ్ళాం.

గోడల మీద అప్పటికే ఎక్కించేశారు. ఒక్కొక్కటీ తలుపంత ఎత్తు. సార్ దగ్గరికి వెళ్ళి అడుగువైపు వంగి చూశారు.

"యాకయ్యా, గీత ఏది?"

ఏ ఒక్కదానికీ లేదు. ఖాజాకు ఫోన్ చేశాను.

"కింద నల్లపట్టీ ఉండె గద, మరక లెక్క కనపడ్తదని కోసేసిన. ఇప్పుడు చూడు, ఎంత సాఫ్‌గున్నయో!" అన్నాడు ఖాజా. పాపం, మెచ్చుకుంటాననుకున్నాడు.

సార్ వెంటనే దించేయమన్నారు. ట్రస్టు పెద్దలు వచ్చేశారు, బయట షామియానా కింద జనం కూర్చున్నారు. "వారం రోజులు సార్. మీరు కొత్తవి పంపగానే మార్చేస్తాను" అని సునీత గారు బతిమాలారు. ఆయన తల ఊపారు. మనసొప్పి ఊపింది కాదు.

రిబ్బన్ కత్తిరించడానికి సునీత గారు ఏ పెద్దమనిషినీ పిలవలేదు. భీక్యా అనే రోగిని పిలిచారు. మానుకోట దాటాక ఉన్న ఒక తండా అతనిది. క్షయకు ఆరు నెలల మందులు రాశారు. దవాఖానకు వచ్చి నర్సు ముందే మింగి వెళ్ళాలి. అతను ఒక్కసారీ తప్పలేదు, ఒళ్ళు కూడా చేస్తున్నాడు. భార్య మంగ్లి అద్దాల రవికె వేసుకుని పక్కనే నిలబడింది. రిబ్బన్ కత్తిరించి సిగ్గుపడుతూ నవ్వాడు. తరవాత అందరూ టీలకు వెళ్ళినా అతను మాత్రం క్షయ క్రిమి బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాడు. చేతులు వెనక్కి కట్టుకుని, తలెత్తి చూస్తూ. నేను దూరం నుంచి అతన్ని చూసి సంతోషించాను. నా బొమ్మను మనసుపెట్టి చూసే మనిషి ఒకడు దొరికాడనుకున్నాను.

వారం అనుకున్నది

కొత్త ప్రింట్లు రెండు రోజుల్లోనే తయారయ్యాయి. చుట్టి బీరువా మీద పెట్టాం. అంతలో తెలంగాణ కోసం సమ్మె మొదలైంది. ఆఫీసులు, బడులు, బస్సులు, బొగ్గు గనులు, అన్నీ ఆగిపోయాయి. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర మా ఊరివాళ్ళు రైలు పట్టాల మీద కూర్చున్నారు. నేనూ శిబిరంలో కూర్చున్నాను. సమ్మె తప్పని నేను అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనను. అది జరగవలసిందే. కానీ వారం అనుకున్నది నెల దాటింది. అంతకాలం ఆ బొమ్మలు గీత లేకుండా గోడల మీదే ఉన్నాయి.

సమ్మె ముగిశాక సునీత గారి ఫోన్ వచ్చింది. "బస్సులు లేక రావడం లేదనుకున్నాం సార్. ఇప్పుడు బస్సులు నడుస్తున్నా భీక్యా రావడం లేదు. నర్సును పంపితే ఊళ్ళోనే లేడన్నారు. మీ బొమ్మ చూసి భయపడ్డాడని తండాలో చెప్పుకుంటున్నారట."

సార్ ఆ మాట విని కుర్చీలోంచి లేచారు. "పద" అన్నారు.

ప్రింట్లు జీపులో వేసుకుని బయలుదేరాం. దారిలో ఒకచోట రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. సమ్మె అయిపోయినా అలాంటివి ఆగలేదు. కుర్రాళ్ళు జీపు ఆపారు. ఒకతను కిటికీలోకి వంగి, "సార్‌ది ఏ ఊరే?" అని అడిగాడు.

నేను నోరు తెరిచేలోగానే సార్ "బాపట్ల బాబూ" అన్నారు.

ఆ కుర్రాడు రెండు క్షణాలు ఆయన్ని చూశాడు. వెనక్కి తిరిగి, "అన్నా, ఇద్దరికి ఇస్తరాకులు వెయ్యి" అని కేకేశాడు. రోడ్డు మీద కూర్చుని పప్పన్నం తిన్నాం. సార్ మారు వడ్డించుకున్నారు. ఎక్కడికి పోతున్నామో చెబితే, ఒకతను తండా దాకా బండి మీద ముందు పోయి దారి చూపించాడు.

మంగ్లి చెప్పింది

మంగ్లి గుడిసె ముందు మిరప తొడిమెలు తీస్తోంది. మమ్మల్ని గుర్తుపట్టి మంచం వాల్చింది. సార్ కూర్చోలేదు.

"అమ్మా, భీక్యా ఎక్కడున్నాడు? మందులు ఎందుకు మానేశాడు?"

ఆమె ముందు నా వైపు చూసింది. తరవాత మెల్లగా చెప్పింది.

"ఆనాడు ఇంటికొచ్చి బువ్వ తినలే బాపు. 'మంగ్లీ, నా రొమ్ములోపట ఉన్న పురుగుల సూసినవా, ఒక్కోటి నా చెయ్యంత ఉన్నది. గింత గోలీకి గంత పురుగు సస్తదా? డాక్టరమ్మ నన్ను చిన్నపోరని లెక్క మురిపిస్తున్నది' అన్నడు. నేనన్న, ఒళ్ళు చేస్తున్నవు గద అని. 'అవి తిని బలుస్తున్నయేమో, నేను కాదు' అన్నడు."

"అప్పుడే దవాఖానకొచ్చి అడగొచ్చు గద?" అన్నాను.

"ఎవల్నడగాలె అన్నా? బస్సుల్లేవాయె. ఎట్లన్న సచ్చేదే, సచ్చేలోపట పిల్లలకు నాలుగు గింజలు సంపాయిస్త అని, సమ్మె అయిపోంగనే భూపాలపల్లికి పోయిండు. బొగ్గు లారీలకు ఎత్తెటందుకు."

నాకు ఇప్పటికీ ఆ మాటే తొలుస్తుంటుంది. అతను పారిపోయాడని దవాఖాన రికార్డులో రాశారు. నిజానికి తాను చచ్చిపోతాననుకున్నవాడు పెళ్ళాంబిడ్డల కోసం పనికి వెళ్ళాడు. అదీ బొగ్గు దుమ్ములోకి.

ఆ మరుసటి వారం మంగ్లిని వెంటబెట్టుకుని భూపాలపల్లి వెళ్ళాం. లారీలు ఆగే చోట, టార్పాలిన్ కప్పిన ఒక హోటల్ వెనకాల దొరికాడు. రిబ్బన్ కత్తిరించిన మనిషని గుర్తుపట్టడం కష్టమైంది. చెంపలు పీక్కుపోయాయి. భుజాల మీద బొగ్గు, గొంతులో గురక. మమ్మల్ని చూసి లేవబోయి దగ్గుతో కూలబడ్డాడు.

సార్ అతని ముందు నేల మీదే కూర్చున్నారు. హోటల్ నడిపే అవ్వను పిలిచి పోపు డబ్బా అడిగారు. అందులోంచి ఒక్క ఆవగింజ తీసి భీక్యా అరచేతిలో పెట్టారు.

"చూడు నాయనా. నువ్వు గోడ మీద చూసినవి ఈ ఆవగింజ మీద వేలకు వేలు కూర్చోగలవు. ఇంకా చోటు మిగులుతుంది. మేము వాటిని పెద్దవి చేసి చూపించాం, అంతే. అంత చిన్నవి కాబట్టే గోలీకి చస్తాయి."

భీక్యా నా మొహంలోకి చూశాడు. నేను మళ్ళీ చెప్పాను. "అన్నా, గోడ మీదిది దొంగ సైజు. అసలుది గీ గింజ మీద పెడితే కండ్లకు కనపడది."

అతను చెయ్యి పైకెత్తి ఆ గింజను ఎండలో చూశాడు. వేలితో అటూ ఇటూ దొర్లించాడు. ఉన్నట్టుండి నవ్వడం మొదలుపెట్టాడు.

"గింతేనా? మంగ్లీ, ఇగో సూడు. గింత కూడ లేదంట. దీనికి దడిసి నేను భూపాలపల్లి దాక ఉరికిన్నా?"

నవ్వి నవ్వి దగ్గాడు. దగ్గితే రక్తం పడింది. మంగ్లి నవ్వలేదు.

ఆ రోజే అతన్ని మానుకోట తీసుకొచ్చాం. భీక్యా మళ్ళీ ఒక్క గోలీ కూడా తప్పలేదు. కానీ సగంలో ఆపిన మందులకు క్రిమి మొండికెత్తుతుంది. మొదటి మందులు పనిచేయలేదు. పెద్ద మందులకు వరంగల్ పంపారు. అవి తట్టుకునే ఊపిరితిత్తులు అప్పటికే లేవు. ఆ ఎండాకాలం దాటలేదు. చివరిసారి చూడబోయినప్పుడు, "సారూ, గా గింజ సంగతి ముందుగాల చెప్తే ఏం పోయేది?" అన్నాడు. కోపం లేదు ఆ మాటలో. అడిగాడు, అంతే.

బొమ్మలు ఉంచాలా, తీయాలా

సునీత గారు ఏడ్చారు. బొమ్మలన్నీ తీసి కాల్చేస్తానన్నారు. సార్ వద్దన్నారు. "నీదీ నాదీ కాదమ్మా ఆ నిర్ణయం. మంగ్లిని అడుగు."

అప్పటికి గీత ఉన్న కొత్త ప్రింట్లు గోడల మీదికి వచ్చాయి. ఇక్కడ నా అభిప్రాయం చెప్పాలి. వాటివల్ల తేడా ఏమీ రాలేదు. గీత చదవడం వచ్చినవాళ్ళకే గీత పనికొస్తుంది. ఆ వరండాలో కూర్చునేవాళ్ళు మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతని ఎక్కడ విన్నారు? గీత ఉండి ఉంటే భీక్యా బతికేవాడని నన్ను నేను నమ్మించుకోవాలని చాలా ఏళ్ళు చూశాను. కుదరలేదు.

మంగ్లి వచ్చింది. కొంగు నెత్తి మీదికి లాక్కుని క్షయ క్రిమి ముందు నిలబడింది. మేం ముగ్గురం ఆమె వెనకాల నిలబడ్డాం.

"మంచిగనే ఉన్నది బొమ్మ. ఉండనీయుండ్రి" అంది. "కాని దీని పక్కకు ఒక మనిషి నిలవడాలె. వచ్చినోళ్ళకు చెప్పెటందుకు. బొమ్మను ఒక్కదాన్నే విడిచిపెడితే ఎవలకు తోచింది వాళ్ళు అనుకుంటరు."

సునీత గారు ట్రస్టు వాళ్ళను అడిగారు. అలాంటి ఉద్యోగం ఎక్కడా లేదన్నారు. నిజమే, నా సర్వీసులో నేనూ చూడలేదు. క్రిమిని చంపేవాళ్ళకు, ఆరబెట్టేవాళ్ళకు, ఫోటో తీసేవాళ్ళకు, రంగులు వేసేవాళ్ళకు జీతాలున్నాయి. పక్కన నిలబడి చెప్పేవాడికి లేదు.

అందుకే ఫోన్ చేసిన అమ్మాయికి ఒక్క మాట. బిడ్డా, నీ ఫోటో అందంగా ఉండటంలో తప్పు లేదు. కానీ దాన్ని ఎక్కడ తగిలించారో అక్కడికి ఒకసారి పోయి, మూలకు నిలబడి, చూసేవాళ్ళ మొహాలు చూడు. నిశ్శబ్దంగా చూసే మనిషిని మెచ్చుకుంటున్నాడని అనుకోకు. దగ్గరికి పోయి, ఏమనుకుంటున్నావని అడుగు.

గురువారాలు

వెంకటరత్నం గారు ఆ తరవాత కొన్నాళ్ళకే రిటైరయ్యారు. బాపట్ల వెళ్ళిపోతారనుకున్నాం. వెళ్ళలేదు. మానుకోటలో ఛాతీ ఓపీ ఉండే ప్రతి గురువారం సికింద్రాబాద్‌లో పొద్దున రైలెక్కేవారు. వరండాలో బొమ్మల పక్కన నిలబడి, వచ్చినవాళ్ళకు చెప్పేవారు. జేబులో ఆవాల పొట్లం. జనం ఆయనకు 'పురుగుల సారు' అని పేరు పెట్టారు. మొదట్లో ఆయన భాష వాళ్ళకు అర్థంకాక నర్సులు అందుకునేవారట. తరవాత ఆయనే "గింతే ఉంటది", "భయపడొద్దు" అనడం నేర్చుకున్నారట. ఇదంతా సునీత గారు ఫోన్లో చెబితే విన్నదే. ఆయన వెళ్ళాక యంత్రం నా ఒక్కడి మీదే పడింది. నాకు గురువారాలు దొరకలేదు. నేను రిటైరయ్యాక ఇద్దరం కలిసి వెళ్దామని ఆయనతో అనేవాణ్ణి. "నీకోసమే మోకాళ్ళు జాగ్రత్తగా వాడుతున్నానయ్యా" అని నవ్వేవారు.

రాష్ట్రం వచ్చింది. ఆ రాత్రి జనగామ చౌరస్తాలో నేనూ చిందులేశాను. మర్నాడు సార్‌కు ఫోన్ చేస్తే, నేను మాట్లాడకముందే "కంగ్రాచులేషన్స్ యాకయ్యా" అన్నారు. ఇంకో రెండేళ్ళు గురువారాలు నడిచాయి. మోకాళ్ళు మొరాయించాక వాళ్ళబ్బాయి వచ్చి ఆయన్ని బాపట్ల తీసుకుపోయాడు. నా రిటైర్మెంటుకు ఆరునెలల ముందు ఆయన పోయారు.

నేను రిటైరైన నెలలోనే మానుకోట వెళ్ళాను. సునీత గారు వేరే ఊరికి మారిపోయారు. వరండాకు కొత్త సున్నం వేశారు. క్షయ క్రిమి ఉన్న చోట టీవీ పెట్టారు, ఏదో సీరియల్ వస్తోంది. బొమ్మలేమయ్యాయని అడిగితే అక్కడున్న అబ్బాయికి ఏ బొమ్మలో తెలియలేదు.

అక్కణ్ణించి తండాకు వెళ్ళాను. మంగ్లి జుట్టు నెరిసింది. నన్ను కూర్చోబెట్టి చాయ్ ఇచ్చింది. సార్ పోయారని చెప్పాను.

"ఊరికి పోయేముందు ఈడికొచ్చిండు" అంది. "కాళ్ళు లేస్తలేవు, కట్టె పట్టుకోని వచ్చిండు. గీ మంచం మీదనే కూసున్నడు. 'అమ్మా, నువ్వు చెప్పినట్టు నిలబడ్డానా?' అని అడిగిండు. నిలవడ్డవు బాపు, అన్న. ఏడ్సిండు. నేనూ ఏడ్సిన. ఇగ బస్సొచ్చింది, ఎక్కిచ్చిన."